ఇద్దరు చంద్రుల కింద ఒక తద్దినం

సస్కటూన్‌లో మా తెలుగువాళ్ళ ఉగాది సభలో ఏటా నన్ను స్టేజి మీదకి పిలిచి శాలువా కప్పుతారు. కప్పేముందు మైకు పట్టుకున్నవాళ్ళు ఒక మాట తప్పకుండా అంటారు: "మేడమ్ గారు పిల్లల కోసం చక్కటి కథలు రాస్తారు." నా కథల్లో అసలు పిల్లలే ఉండరు. ఒక కథలో గాలి అయిపోయిన ఊళ్ళో ఇరుగుపొరుగువాళ్ళు ఒకరి ఊపిరి ఒకరు దొంగిలిస్తారు. ఇంకో కథలో ఒకావిడ తన పెళ్ళి జ్ఞాపకాన్ని అమ్మేసుకుని, ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి ఎవరు కావాలండీ అని అడుగుతుంది. ఇవి పిల్లలకి చెబితే వారం రోజులు జ్వరం. కానీ కథలో రాకెట్టు కనపడితే చాలు, మనవాళ్ళకి అది పిల్లకాయల వ్యవహారం. రాజులూ రాక్షసులూ ఉంటే పెద్దల కథ, రాకెట్టుంటే పిల్లల కథ. ఇదేం న్యాయమో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఒక ఏడాది ఊరుకోలేకపోయాను. మైకు నా చేతికి రాగానే, "బాబూ, అవి పిల్లల కథలు కావు, మీరు చదవాల్సినవే. చదవలేదు కనక మీకు తెలీదు" అన్నాను. హాల్లో కొందరు నవ్వారు, కొందరు ఫోన్లు చూసుకున్నారు. మా ఆయన రెండో వరసలో తల దించుకుని బూట్ల వైపు చూస్తూ కూర్చున్నారు. ఇంటికొస్తూ కార్లో, "శాలువా కప్పేవాళ్ళతో కూడా తగువేనా?" అన్నారు. "కప్పించుకునేదాన్ని నేను. నాకు నచ్చినట్టు కప్పించుకుంటాను" అన్నాను.

నేను సైన్స్ ఫిక్షన్ రాస్తాను. తెలుగులో రాస్తాను. కెనడాలో కూర్చుని రాస్తాను. ఈ మూడు ముక్కలూ వరసగా చెబితే జనం నా వైపు జాలిగా చూస్తారు, ఉద్యోగం పోయినవాళ్ళని చూసినట్టు. నేను మాత్రం తలెత్తుకునే చెబుతాను. ఎవరూ పిలవని పనికి వెళ్ళి, ఇన్నేళ్ళు ఆ పనిలోనే నిలబడ్డాను. గర్వం ఉండదా మరి?

మొదటి కథ ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు ఒక వారపత్రికలో అచ్చయింది. కథేమో సముద్రం అడుగున ఒంటరిగా పనిచేసే ఒక యంత్రం గురించి. దానికి వాళ్ళు వేయించిన బొమ్మలో మాత్రం ఒకమ్మాయి జడ ముందుకేసుకుని కిటికీ దగ్గర కూర్చుని ఏడుస్తోంది. రాసింది ఆడపిల్ల కనక లోపల ఏడుపే ఉంటుందని ఆ చిత్రకారుడు చదవకుండానే తేల్చేశాడు. మా నాన్న ఆ పత్రిక పట్టుకుని వీధంతా తిరిగాడు. బొమ్మలో ఆ పిల్లెవరని అడిగినవాళ్ళకి, "ఆ యంత్రం బాధ చూడలేక ఏడుస్తోంది" అని ఆయనే సర్దిచెప్పాడు. ఆ సర్దుబాటు నాకు తెగ నచ్చింది. ఆ తర్వాత పత్రికలో వచ్చిన ఉత్తరాలన్నీ నన్ను "అయ్యా" అనే సంబోధించాయి. బొమ్మలో ఏడ్చేది ఆడపిల్ల, రాసింది మగవాడు అన్నమాట.

పెళ్ళయ్యాక మా ఆయన యూనివర్సిటీ ఉద్యోగం వెంట సస్కటూన్ వచ్చాం. విత్తనాలు పరీక్ష చేసే ఒక లాబ్‌లో నాకు పని దొరికింది. రైతులు పంపిన గోధుమలూ, మసూర్ గింజలూ తడి కాగితం మీద వరసగా పేర్చి, పెట్టెలో పెట్టి, ఎన్ని మొలిచాయో చూసి రాయడమే ఉద్యోగం. రిటైరయ్యేదాకా అదే చేశాను. వినేవాళ్ళకి విసుగ్గా ఉంటుంది కానీ, నేను రాయడం నేర్చుకున్నది అక్కడే. మొలవనిదాన్ని మొలిచిందని రాయకూడదు. వంకరగా మొలిచినదాన్ని తిన్నగా మొలిచిందని రాయకూడదు. నా గ్రహాల మీదా అదే రూలు. గాలి లేని చోట కేక వినపడదు, నాయికకి ఎంత అవసరమైనా సరే.

లంచ్ అవర్లో లాబ్ మెట్ల దగ్గర కూర్చుని రాసిన కథలు ఐదు పుస్తకాలయ్యాయి. ఐదూ హైదరాబాద్‌లో ఒకాయనే వేశారు. ఆయనే ప్రచురణకర్త, ఆయనే సంపాదకుడు, ఆయనే ప్రూఫులు దిద్దేది, పార్సెళ్ళు కట్టే కుర్రాడు రాకపోతే అదీ ఆయనే. మనిషి కోపిష్టి. ఒక పేరాలో "అనంతం" అన్న మాట రెండుసార్లు వాడితే కెనడాకి ఫోన్ చేసి తిట్టేవారు. నేనూ తిరిగి అరిచేదాన్ని. అరుచుకున్నాక వాక్యం బాగుపడేది. తెలుగులో ఇలాంటి పుస్తకాలు వేసే మొండిమనిషి ఆయన తప్ప ఇంకొకరు లేరని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

ఆరో పుస్తకం దగ్గర ఆయనకీ నాకూ చెడింది.

ఆ నవల పుట్టింది మా మామగారి తద్దినం రోజున. ఇండియా నుంచి ఎవరొస్తున్నా మేం అడిగి తెప్పించుకునేది ఒక్క గోడ క్యాలెండరే. అది ఫ్రిజ్ పక్కన వేలాడుతుంటుంది. అందులో తిథి చూసి, ఆ తారీఖున మా ఆయన సెలవు పెట్టేవారు. నేను గారెలూ, పరమాన్నం, దొరికితే అరటికాయ కూరా చేసేదాన్ని. ఆయన పిండం తీసుకెళ్ళి ఇంటి వెనక చెక్కల డెక్ మీద పెట్టేవారు. మంచులో కాకులుండవిక్కడ, చలికి దక్షిణానికి పోతాయి. మాగ్‌పై అని నలుపూ తెలుపూ కలిసిన పిట్ట ఒకటుంటుంది, అది వచ్చేది. మొదటిసారి ఆయన దాన్ని అదిలించబోయారు. "సగం నల్లగానే ఉంది కదండీ. సగం కాకే, తిననివ్వండి" అన్నాను. అప్పట్నుంచీ మా మామగారు ఆ పిట్ట రూపంలోనే వచ్చి భోంచేసి వెళుతున్నారు.

ఒక ఏడు, ఎప్పుడూ సొంతంగానే ఎందుకని, పడమటి తీరాన బర్నబీలో ఉండే ఒక పంతులుగారిని వీడియోలో మంత్రం చెప్పమని అడిగాం. ఆయన పగలు సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తారు, మిగతా టైములో పౌరోహిత్యం. రోజు ఖాయం చేసుకోవడానికి ఫోన్ చేస్తే, తిథి ఎలా చూశారని అడిగారు.

"క్యాలెండర్లో చూశామండీ" అన్నారు మా ఆయన.

"ఏ ఊరి క్యాలెండరు?"

"మనదే, హైదరాబాద్‌ది."

"అయ్యో, అది అక్కడి పొద్దుకి కట్టిన లెక్క కదండీ. తద్దినానికి మీ ఊళ్ళో మధ్యాహ్నం దాటాక ఏ తిథి నడుస్తోందో చూడాలి. అక్కడి తారీఖు ఇక్కడ పట్టుకుంటే చాలాసార్లు ఒకరోజు ఆలస్యమైపోతుంది."

కెనడాలో సగంమంది తెలుగువాళ్ళు చేసే పొరపాటే ఇదని ఆయన ఓదార్చారు. గోడ మీద ఉంది కదా అని అక్కడి రోజుని ఇక్కడి రోజనుకుంటామట. మా ఆయన ముఖం ఇంతైపోయింది. ఫోన్ పెట్టేసి, "అయితే నాన్నగారు ఇన్నేళ్ళూ ముందురోజు వచ్చి, విస్తరి లేక..." అని ఆగిపోయారు. నాకు నవ్వొచ్చింది గానీ ఆయన కళ్ళు చూసి ఆపుకున్నాను. "ఆ పిట్ట రోజూ వస్తుందిలెండి" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ వారమంతా సరిగ్గా తిననూ లేదు. ఫిజిక్స్ చెప్పే మనిషి, దేవుడి గదిలో దీపం పెట్టమంటే మర్చిపోయే మనిషి, తండ్రికి అన్నం ఒకరోజు ఆలస్యమైందని అంత కుంగిపోవడం నేను మొదటిసారి చూశాను.

అప్పుడే నా బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. ఒక్క భూమి మీదే, ఒక్క చంద్రుడితోనే ఇంత గందరగోళమైతే, ఇంకో గ్రహం మీద మాటేమిటి? అక్కడ చంద్రులు ఇద్దరుంటే? అమ్మ పోయిన కబురు భూమి నుంచి ఎప్పటికో చేరితే? ఏ చంద్రుడి తిథి పట్టుకోవాలి? పంతులుగారికి మళ్ళీ ఫోన్ చేసి అడిగాను. ఇంకొకరైతే పిచ్చిది అనుకుని పెట్టేసేవారు. ఆయన "కొంచెం టైమివ్వండమ్మా" అన్నారు. తర్వాత ఆయనే చేశారు.

"శాస్త్రం రాసినవాళ్ళకి చంద్రుడు ఒక్కడేనమ్మా, వాళ్ళని అనడానికి లేదు. పెద్దవాణ్ణి పట్టుకుంటే సుఖం. చిన్నవాడు గబగబా తిరుగుతాడు, వాడి లెక్కన పోతే మాటిమాటికీ తద్దినం వచ్చి పడుతుంది. మీ కథలో అమ్మాయి తట్టుకోలేదు."

"ఆడపిల్ల పెట్టొచ్చా పంతులుగారూ?"

"అక్కడ ఇంకెవరున్నారమ్మా?" అన్నారు. ఆ ఒక్క మాటకి ఫోన్లోనే దణ్ణం పెట్టాను.

ఆ నవలకి ఆరేళ్ళు పట్టింది. నాయిక మట్టి శాస్త్రవేత్త. గనులున్న ఒక గ్రహం మీద ఏదైనా పండుతుందా అని చూడడానికి వెళుతుంది. తుఫానులుంటాయి, గని పనివాళ్ళ తిరుగుబాటు ఉంటుంది, గాలి సరఫరా మీద పెద్ద కొట్లాట ఉంటుంది. కానీ వీటన్నిటి నడుమ ఒక అధ్యాయంలో అమ్మ పోయిన కబురొస్తుంది. ఆమె ఒక్కతే కూతురు. తద్దినం పెట్టాలి. అక్కడి పెద్ద కంప్యూటర్‌తో భూమి మీద తిథి లెక్క కట్టించి, ఆ లెక్క ప్రకారం అన్నం వండుతుంది. నా దృష్టిలో నవలంటే ఆ అధ్యాయమే. మిగతాదంతా దానికి కట్టిన ఇల్లు.

పంపిన కొన్ని వారాలకి హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది.

"నవల బాగుంది. ఆ తద్దినం అధ్యాయం తీసేయండి" అన్నారు సంపాదకులు, నమస్కారం కూడా లేకుండా.

"అది తీస్తే ఇంకేముంది సార్?"

"తిరుగుబాటుంది, తుఫానుంది, చాలు. సైంటిస్టు తద్దినం పెట్టడమేమిటి, ఎవరు నమ్ముతారు? అభ్యుదయంవాళ్ళు మీరు ఛాందసంలోకి దిగారంటారు. ఛాందసులు మీరు వెక్కిరిస్తున్నారంటారు. మద్దెలని రెండు వైపులా వాయించినట్టు వాయిస్తారు. మీతోపాటు నన్నూ."

"మీకూ నాకూ అది కొత్తా సార్?"

"అది వదిలేయండి. నాకే చదువుతుంటే అక్కడ అడ్డం పడుతోంది. గొంతు దిగడం లేదు. తీస్తే వేస్తాను. లేకపోతే వేయలేను."

"అయితే వేయొద్దు" అని పెట్టేశాను.

ఏం చేశానో నాకు తెలుసు. ఆరేళ్ళ పని అది. దాన్ని వేసే ఇంకో గడప తెలుగునాట లేదు. నాకు అరవై దాటాయి, మళ్ళీ అంత నవల రాసే ఓపిక ఉంటుందో ఉండదో. ఇది బయటికి రాకపోతే రచయితగా నా కథ ఐదు పుస్తకాలతో ఆగిపోయినట్టే. ఐదు పుస్తకాలు తక్కువేం కాదు. కానీ నేను రాసినవాటిలో మంచిది ఆరోదని నాకు తెలుసు, అది ఒక్క మనిషీ చదవకుండా కంప్యూటర్లో పడుంటుంది. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

మా ఆయన టీ పెట్టి తెచ్చారు. "కొరివితో తల గోక్కున్నావు. ఒక్క అధ్యాయమే కదా, తీసేస్తే పుస్తకం వస్తుంది కదా" అన్నారు మెల్లగా.

"ఒక్క రోజే కదా, మీ నాన్నగారికి అన్నం ఆలస్యమైతే ఏమైంది?" అన్నాను.

ఆయన కప్పు నా ముందు పెట్టేసి, "సరే. తీయొద్దులే" అన్నారు. ఆ తర్వాత ఆ సలహా ఇంకెప్పుడూ ఇవ్వలేదు. బర్నబీలో ఉన్న మా అమ్మాయి మాత్రం ఫోన్లో, "అమ్మా, జస్ట్ కట్ ఇట్. ఆ చాప్టర్ ఆన్‌లైన్‌లో పోస్ట్ చేసుకో" అంది. చెయ్యి నరికి, దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టుకోమన్నట్టుంది. పిల్లతో పోట్లాట ఎందుకని ఫోన్ వాళ్ళ నాన్నకిచ్చాను.

ఆ వసంతంలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి కొన్నాళ్ళుండాల్సి వచ్చింది. తను అద్దెకున్న ఇల్లు ఒక ఫిజీ తెలుగాయనది. డెబ్భై దాటిన మనిషి. రోడ్డు మీద చెడిపోయిన కార్లని లాక్కెళ్ళే ట్రక్కుల వ్యాపారం చేసి మూడిళ్ళు సంపాదించారు. ఆ సంగతి పరిచయమైన ఐదు నిమిషాల్లో ఆయనే చెబుతారు. గొప్పలు చెప్పుకోవడంలో ఆయన నాకు తీసిపోరు, అందుకే ఇద్దరికీ కుదిరింది. వాళ్ళ ముత్తాతలు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి ఫిజీ వెళ్ళినవాళ్ళు. ఆయన తెలుగు ఆనాటిదే, మధ్యమధ్యలో హిందీ ముక్కలు. మాట్లాడడమే తప్ప చదవడం రాదు.

"నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగారు ఒక మధ్యాహ్నం, ముందు వరండాలో కూర్చుని. బయట వాన. బర్నబీలో వాన పడని మధ్యాహ్నం ఎప్పుడో గాని ఉండదు.

"కథలు రాస్తాను అంకుల్. వేరే గ్రహాల మీద జరిగేవి."

"పిల్లలకా?" అంటారేమోనని కాచుకుని ఉన్నాను. ఆయన అనలేదు. "అయితే ఒకటి చదువు, వింటా" అన్నారు.

ఫోన్లోంచి ఆ అధ్యాయమే తీశాను. అందరూ వద్దన్న బిడ్డనే ముందు ఎత్తుకోబుద్ధవుతుంది కదా. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. కంప్యూటర్ తిథి లెక్క కట్టే చోటికి రాగానే కళ్ళు తెరిచారు.

"ఆ పిల్ల మెషీన్ని ఎందుకు అడుగుతాది? అమ్మ పోయింది ఆ పిల్లకా, మెషీన్‌కా?"

"మరి రోజు ఎట్లా తెలుస్తుంది అంకుల్?"

"మాకు తెలిసింది కదా" అని మొదలుపెట్టారు.

వాళ్ళ ముత్తవ్వ పదేళ్ళ పిల్లగా తల్లితో ఓడెక్కిందట. తల్లి దారిలోనే జబ్బుచేసి పోయింది. ఓడవాళ్ళు సముద్రంలో వేసేశారు. ఆ రోజేమిటని ఈ పిల్ల అందరినీ అడిగింది. ఓడలో ఎవరికీ రోజుల లెక్క మిగల్లేదు, పైగా మబ్బు పట్టి చంద్రుడే కనపడలేదు. తీరం చేరి దిగిన సాయంత్రం మబ్బు విడిపోయి, సగం చంద్రుడు కనపడ్డాడు. "ఇదే మా అమ్మ రోజు" అందట. తోటివాళ్ళు కాదనలేదు. ఆ పూటకి చేప దొరికితే, చేప వండి, ఆ పిల్లే తల్లికి పెట్టింది.

"ఇప్పటికీ అదే చంద్రుడు, అదే చేప. మా ఇంట్లో ఆడవాళ్ళే పెడతారు. నా బిడ్డ ఇక్కడ, ఈ వరండాలోనే పెడతాది" అన్నారు పెద్దాయన, మూడిళ్ళ సంగతి చెప్పినంత మామూలుగా.

నేను ఆరేళ్ళు కూర్చుని ఊహించినది, ఎవరూ నమ్మరని ఫోన్లో తిట్లు తిన్నది, ఒక ఇంట్లో నిజంగా జరిగి, ఐదు తరాలుగా నడుస్తోంది. నేను భవిష్యత్తు రాస్తున్నాననుకున్నాను. వీళ్ళకది పాత సంగతి. ఒక పక్క అసూయ వేసింది, ఇంత మంచి సంగతి నాకెందుకు తట్టలేదని. దానికంటే ఎక్కువగా గర్వమేసింది. నా గింజ మొలిచేదే. వంకరగా మొలిచింది, అంతే.

"మరి ఈ పుస్తకం ఎప్పుడొస్తాది?" అన్నారు.

"రాదంకుల్. ఈ అధ్యాయం ఉంటే వేయనన్నారు."

"మా ముత్తవ్వని వద్దంటాడా వాడు?" అని లేచి కూర్చున్నారు. "నంబరివ్వు. నేను మాట్లాడతా."

నంబరివ్వలేదు గానీ, ఆ కోపం చూసి నా కడుపు నిండింది. అక్కడున్నన్నాళ్ళూ రోజూ మధ్యాహ్నం ఆయనకి నవల మొత్తం చదివి వినిపించాను. సగం తెలుగు అర్థమయ్యే ఆయన కూతురు కూడా టీ పట్టుకొచ్చి కూర్చునేది. అచ్చుకాని పుస్తకానికి బర్నబీలో ఇద్దరు పాఠకులు.

పొద్దుటి పూట మా అమ్మాయి డైనింగ్ టేబుల్ మీద ఆ అధ్యాయం తిరగరాశాను. కంప్యూటర్ లెక్క ఎగిరిపోయింది. అమ్మ పోయిన కబురు చేరగానే నాయిక కిటికీలోంచి చూస్తుంది. పెద్ద చంద్రుడు అస్తమించాడు, గబగబా తిరిగే చిన్నవాడే పైనున్నాడు. ఇక వాడే అమ్మ చంద్రుడు. పంతులుగారు చెప్పినట్టే మాటిమాటికీ తద్దినం వచ్చి పడుతుంది. గనివాళ్ళు "మళ్ళీనా?" అని సణుగుతారు, సణుగుతూనే వచ్చి గారెలు తింటారు. రాస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. ఆమె తట్టుకుంది మరి.

కబురొచ్చాక, వంటకి ముందు, ఆమె తోటి శాస్త్రవేత్తలతో వాదించే పేజీలు రెండు అంతకుముందే ఉన్నాయి. ఈసారి ఎవరూ వేలెత్తి చూపకుండా ఇంకో రెండు కలిపాను. నేను సైంటిస్టునే, నాకు మూఢనమ్మకాల్లేవు, అయినా ఈ పని ఎందుకు చేస్తున్నానంటే అని ఆమె ఒక్కో ప్రశ్నకీ జవాబు చెబుతుంది. లాయర్లు కూడా వంక పెట్టలేనంత గట్టిగా రాశాను. ఆ నాలుగు పేజీలూ చూసుకుని మురిసిపోయాను.

హైదరాబాద్ ఆయన గడప మళ్ళీ తొక్కనని ఒట్టేసుకున్నదాన్నే, సస్కటూన్ చేరాక ఆయనకే పంపాను. ఒట్టు నాకు పెట్టుకున్నాను గానీ నవలకి పెట్టలేదు కదా. పంపి రెండు నెలలైనా ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ మోగితే చాలు, పరిగెత్తేదాన్ని. మా ఆయన ముందు మాత్రం "వేస్తే వేస్తాడు, లేకపోతే లేదు" అంటూ తిరిగాను. ఆయన నమ్మినట్టు నటించారు.

చివరికి ఒక పొద్దున చేశారు.

"చదివాను" అన్నారు.

"ఊఁ."

"వేస్తున్నాను."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"కానీ కొంత తీసేశాను" అన్నారు.

"తద్దినం జోలికి వెళ్ళారా సార్? వెళ్ళుంటే ఇప్పుడే చెప్పండి."

"వెళ్ళలేదమ్మా, అరవకండి. చిన్న చంద్రుడు అద్భుతంగా ఉన్నాడు, వాణ్ణెవరు ముట్టుకుంటారు? అప్పుడు నాకు అడ్డం పడుతోందన్నాను చూడండి, అదేమిటో నాకూ సరిగ్గా తెలీలేదు. తద్దినమే అనుకున్నాను. ఇప్పుడు మళ్ళీ చదివితే తెలిసింది. అడ్డం పడేది దాని ముందున్న పేజీలు. ఆ అమ్మాయి సంజాయిషీ ఇచ్చుకుంటూ కూర్చుంటుంది కదా, నేను సైంటిస్టునే, అయినా ఎందుకు చేస్తున్నానంటే అని. నాలుగూ కొట్టేశాను."

"సార్, అవి లేకపోతే జనం అడగరా?"

"ఎవరడుగుతారు?"

"అందరూ. మీరే అడిగారు కదా, సైంటిస్టు తద్దినం పెట్టడమేమిటని."

"అడిగాను. నేనడిగితే మాత్రం ఆవిడెందుకు చెప్పాలి?"

స్టేజి మీద మైకులో తగువాడినదాన్ని, ఎవరి ముందూ తల వంచననుకున్నదాన్ని, నా నాయిక చేత మాత్రం నాలుగు పేజీలు తల వంచించాను. అదీ కన్నతల్లికి గుప్పెడు అన్నం పెట్టుకోవడానికి. కోపమొచ్చింది, ఆయన మీద కాదు.

"ఉన్నారా?" అన్నారు ఆయన.

"ఉన్నాను సార్. కొట్టేయండి."

ఫోన్ పెట్టేశాక ఆ పేజీలు నేనే నా ఫైల్లో తీసేసి, అధ్యాయం మొదటినుంచి మా ఆయనకి పైకి చదివాను. కబురొస్తుంది. ఆమె కిటికీలోంచి చిన్న చంద్రుణ్ణి చూస్తుంది. లేచి, ఎవరితోనూ ఏమీ అనకుండా బియ్యం కడుగుతుంది. అక్కడికి రాగానే మా ఆయన ఫోన్ నా చేతిలోంచి తీసుకుని మిగతాది తనే చదివారు.

పుస్తకం అలాగే వచ్చింది. బర్నబీలో పెద్దాయన చదవలేకపోయినా రెండు కాపీలు కొనుక్కుని, ఒకటి ముందుగదిలో అందరికీ కనపడేలా పెట్టుకున్నారు. మా రాష్ట్రంలోనే ఉన్న రెజైనా ఊరి నుంచి ఒక స్టూడెంట్ అమ్మాయి ఫోన్ చేసి, చిన్న చంద్రుడికి ఒక చుట్టుకి ఎంతసేపు పడుతుందని అడిగింది. ఎక్కడినుంచో ఒకాయన, ఆ గ్రహం మీద గారెలకి మినుములు ఎలా పండాయని నిలదీశారు, గంటసేపు జవాబు చెప్పాను. ఇలాంటివి చాలా అడిగారు, ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఆమె తద్దినం ఎందుకు పెట్టిందని మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.